మళ్లీ చదివిన నవలలు

నవలను రెండవసారి చదవటాన్ని మనవాళ్లు సాధారణంగా తీరిక వున్నవాళ్ల వ్యసనంగా జమకడతారు. పింఛను పుచ్చుకుంటున్నవారు పడక్కుర్చీలో వాలి, పడుచుతనపు ఇష్టాలను నెమరువేసుకునే పని అది అనుకుంటారు. అభ్యుదయ భావాలున్న విద్యార్థి ఈ మాట మరీ గట్టిగా అంటాడు. చదవవలసిన కొత్త పుస్తకాలు ఇన్ని వుండగా, కథంతా తెలిసిన పాత నవలను మళ్లీ పట్టుకోవటం కాలం వృథా చెయ్యటం కాదా అని అడుగుతాడు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిందే. పంతొమ్మిది, ఇరవై యేళ్ల వయసులో చదివిన నవలలు కొన్నింటిని నేను ముప్పయి దాటిన తరవాత మళ్లీ చదివాను. అందులో కలిగిన ఆనందం చిన్నది కాదు. అయితే అది కేవలం నా సొంత ఆనందమే అయితే దాన్ని గురించి ఈ పత్రికలో రాయనవసరం లేదు. నవలలను మళ్లీ చదవటానికి ఒక చరిత్ర వున్నది. అందులో కొంత మన విశాఖపట్నంలోనే జరిగింది. నేను చెప్పదలచింది ఆ చరిత్ర.

ముందు ప్రపంచంలో అందరికీ తెలిసిన ఒక ఉదాహరణ చూద్దాం. చెర్నిషెవ్‌స్కీ జైల్లో కూర్చుని రాసిన "ఏం చెయ్యాలి?" నవల 1863లో వెలువడింది. సెన్సారు అధికారుల కళ్లుగప్పి బయటపడింది. తరవాత నిషేధానికి గురి అయింది. లెనిన్ దాన్ని పద్నాలుగేళ్ల వయసులో ఒకసారి చదివాడు. ఆ చదువు వల్ల ఏమీ ప్రయోజనం కలగలేదని తరవాత ఆయనే చెప్పుకున్నట్టు సమకాలికులు రాశారు. 1887లో ఆయన అన్న అలెగ్జాండర్‌ను జారు ప్రభుత్వం ఉరితీసింది. ఆ నవల అన్నకు ఎంతో ఇష్టమైనదని తెలిసి, లెనిన్ దాన్ని మళ్లీ తీసి వారాల తరబడి చదివాడు. ఈసారి ఆ పుస్తకం ఆయన్ని పట్టి కుదిపింది. 1902లో తాను రాసిన రాజకీయ గ్రంథానికి ఆ నవల పేరే పెట్టుకున్నాడు. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. మారినది చదివేవాడి జీవితం. మధ్యలో ఒక ఉరికంబం వచ్చింది.

మార్క్సు కూడా మళ్లీ మళ్లీ చదివేవాడే. ఈస్కిలస్ నాటకాలను ఆయన ఏటేటా మూల గ్రీకులో చదివేవాడనీ, నవలా రచయితలందరిలోకీ సెర్వాంటిస్‌నూ బాల్జాక్‌నూ మిన్నగా ఎంచేవాడనీ అల్లుడు లఫార్గ్ రాశాడు. పనిలేక కాలక్షేపానికి చదివినవాడని మార్క్సును ఎవరూ అనలేరు గదా!

ఇక మన సంగతికి వద్దాం. ఉన్నవ లక్ష్మీనారాయణగారి "మాలపల్లి" కూడా జైల్లో పుట్టిన నవలే. డబ్లిన్ వెళ్లి బారిష్టరు చదివి, ఐరిష్ జాతీయోద్యమాన్ని కళ్లారా చూసి వచ్చిన మనిషి ఆయన. పల్నాటి పుల్లరి సత్యాగ్రహం సందర్భంలో శిక్షపడి, 1922లో వేలూరు జైల్లో ఆ నవల రాశారు. 1923లో మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు తీసివేయించి ప్రచురణకు అనుమతి ఇచ్చింది. అంతటితో కథ ముగిసి వుంటే అది ఒక మామూలు నిషేధం చరిత్ర అయివుండేది.

కాని 1936లో మరొకటి జరిగింది. వాల్తేరులో వున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం "మాలపల్లి"ని పాఠ్యగ్రంథంగా నిర్ణయించింది. వెంటనే ప్రభుత్వం మళ్లీ నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చిన తరవాతనే ఆ నిషేధం తొలగింది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటున్నది. 1928లో అనుమతి పొందిన పుస్తకం 1936 నాటికి మళ్లీ ప్రమాదకరమైనది ఎట్లా అయింది? 1928లో అది ఎవరికి వారు ఇంట్లో కూర్చుని చదువుకునే నవల. 1936లో దాన్ని విద్యార్థుల చేతికి ఇవ్వబోయారు. పాఠ్యగ్రంథమంటే ఒకసారి చదివి అవతల పడేసేది కాదు. పదిసార్లు చదవవలసింది, దాని మీద వాదించవలసింది, పరీక్షలో జవాబు రాయవలసింది. పైగా ఆ ఎనిమిదేళ్లలో దేశం మారిపోయింది. ప్రపంచాన్ని ఆర్థికమాంద్యం కుదిపేసింది. ఉప్పు సత్యాగ్రహం వచ్చివెళ్లింది. ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ ఏర్పడింది. 1936లోనే లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిలభారత అభ్యుదయ రచయితల మహాసభ జరిగింది. కూలిరేట్ల కోసం మాలపల్లి కూలీలు చేసిన పోరు 1922లో ఒక ఊరి తగాదాగా కనిపించి వుండవచ్చు. 1936లో చదివినవాడికి అది దేశమంతటా జరుగుతున్న పోరుగా కనిపిస్తుంది. మళ్లీ చదవటంలో వున్న శక్తిని మనకంటే ముందు తెల్లప్రభుత్వం గుర్తించిందన్న మాట!

ఇరవై యేళ్ల వయసులో "మాలపల్లి" చదివే విద్యార్థి మనసు సహజంగా వెంకటదాసు వైపు పోతుంది. తక్కెళ్ల జగ్గడుగా మారి, కలవాళ్లను దోచి లేనివాళ్లకు పంచే ఆ యువకుడిలో తిరుగుబాటు వున్నది, వేగమున్నది. సంగదాసును చౌదరయ్య చంపిన ఘట్టం దగ్గర ఎవరికైనా రక్తం మరుగుతుంది. ఆ చదువు తప్పని నేను అనను. ఆ వయసుకు, ఆ ఆవేశానికి అది న్యాయమైన చదువే. కాని ముప్పయి దాటిన తరవాత చదివితే రామదాసు దగ్గర ఆగుతాము. కొడుకులను పోగొట్టుకుని, భూమి పోగొట్టుకుని, జైలుకు కూడా పోయి, ఇంకా తత్వం మాట్లాడుతున్న ఆ ముసలివాడు మొదటిసారి కొంచెం విసుగు పుట్టిస్తాడు. రెండవసారి అతని ఓర్పు వెనక ఎంత ధర చెల్లించబడిందో లెక్క తెలుస్తుంది. గాంధీ మార్గమూ, రష్యా విప్లవపు వేడీ ఒకే పుస్తకంలో పక్కపక్కన కూర్చుని పోట్లాడుకోవటం కూడా అప్పుడే స్పష్టపడుతుంది. ఉన్నవవారు ఆ పోట్లాటను తీర్చివెయ్యలేదు. 1922లో దాన్ని తీర్చగలవాడు ఎవడూ లేడు. నవల నిజాయితీ అక్కడే వున్నది.

ఇప్పుడు విశాఖపట్నం ప్లీడరు రాసిన నవలను చూద్దాం. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి "అల్పజీవి" 1950ల మొదట్లో వచ్చింది. చైతన్యస్రవంతి పద్ధతిలో వచ్చిన తొలి తెలుగు నవలల్లో ఒకటిగా విమర్శకులు దాన్ని చెప్పుకుంటారు. సుబ్బయ్య గుమాస్తా. భార్యకు భయపడతాడు, బావమరిది వెంకట్రావుకు భయపడతాడు, ఆఫీసుకు భయపడతాడు. కంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు పుట్టిన తరవాత ఆ భయానికి అంతూ పొంతూ వుండదు. తన భయాన్ని ఎవరికీ చెప్పుకోలేడు.

మన శిబిరంలోనే కొందరు ఈ నవలను అంతగా ఆదరించరు. ఇది పిరికివాడి మనస్సును తవ్విపోసిన నవల అనీ, ఇందులో ప్రజలు లేరనీ, శాస్త్రిగారి అసలు గొప్పతనం "ఆరు సారా కథలు"తో మొదలైందనీ అంటారు. గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"నూ దీన్నీ ఒకే కట్టలో కట్టి, పెటీబూర్జువా మనస్తత్వ నవలలని పేరుపెట్టి పక్కన పెడతారు. నాకు ఈ తీర్పు సరిగా కనిపించదు. గోపీచంద్ సీతారామారావు కలిగిన కుటుంబంలో పుట్టి, ఆ కలిమినీ దాని ప్రతిష్ఠనూ మోయలేక పతనమైనవాడు. సుబ్బయ్యకు పతనం కావటానికి ఎత్తేమీ లేదు. అతనికున్నది నెలజీతం ఒక్కటే. ఒకడు గతానికి బానిస. రెండవవాడు వర్తమానానికి బాకీదారు. ఈ తేడా తొందరలో చదివితే దొరకదు.

నేను ఈ నవలను పాఠం చెబుతుండగా మా తరగతిలో ఒక అమ్మాయి లేచి, "సుబ్బయ్యది పర్మనెంటు ఉద్యోగమేగా సార్, మరి అంత భయమెందుకు?" అని అడిగింది. తరగతి నవ్వింది. కాని అది నవ్వవలసిన ప్రశ్న కాదు. ఈ ఊళ్లో పోర్టు చుట్టూ, ఫ్యాక్టరీల చుట్టూ కంట్రాక్టు పనిమీద బతికే కుటుంబాలు వేలకు వేలున్నాయి. ఆ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు పర్మనెంటు అనే మాటే ఒక అభయహస్తం. అది చేతిలో వున్నవాడు కూడా వణకటం వాళ్లకు అర్థం కాదు. ఆ ప్రశ్న విన్న తరవాత నేను నవలను మరోసారి చదివాను.

అప్పుడు నాకు గవరయ్య పెద్దగా కనిపించాడు. "అల్పజీవి" పుట్టిన రోజులు ఎటువంటివి? 1933లో విశాఖ రేవు తెరిచారు. 1941లో ఓడల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1948లో "జలఉష" సముద్రంలో దిగింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది. ఊరు నిలబడుతున్న కాలమది. ఊరు కట్టాలంటే రాయి కావాలి, ఇసుక కావాలి, కూలీలు కావాలి. వీటన్నిటినీ సరఫరా చేసే కంట్రాక్టరు కావాలి. కంట్రాక్టరుకు బిల్లు కావాలి, బిల్లుకు గుమాస్తా కావాలి. అప్పిచ్చేవాడికీ గుమాస్తాకూ మధ్య పుట్టే ఆ జిగట సంబంధమే సుబ్బయ్య భయానికి మూలం. కనక అది ఒక పిరికివాడి జబ్బు మాత్రమే కాదు. ఒక వ్యవస్థ తన కింది ఉద్యోగి గుండెలో నాటిన భయం. శాస్త్రిగారు దాన్ని ఉపన్యాసంగా చెప్పలేదు. సుబ్బయ్య తలలోకి దూరి చూపించారు. తరవాత సారా కథల్లో మద్యనిషేధ చట్టం చుట్టూ అల్లుకున్న పోలీసులనూ, ప్లీడర్లనూ, వ్యాపారులనూ చూపించిన కన్ను ఇదే. ఆ దారి "అల్పజీవి"లోనే మొదలైంది.

ఆ అమ్మాయి ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే వున్నది. ఉద్యోగం పర్మనెంటు కావటం అవసరమే. దానికోసం పోరాడవలసిందే. కాని ఒంటరిగా వున్నంతకాలం పర్మనెంటు గుమాస్తా కూడా అల్పజీవే. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఈ ఊరు ఒక్కటై లేచినప్పుడు, నవంబరు 1న తుపాకి గుండ్లకు ఎదురు నిలిచినవారిలో సుబ్బయ్య వంటి ఇళ్ల పిల్లలు వుండే వుంటారు. 1971 జనవరి 20న ఆ కర్మాగారానికి పునాదిరాయి పడింది. సరిగ్గా యాభై యేళ్లకు, 2021 జనవరిలో, దానిలోని ప్రభుత్వ వాటాను అమ్మివెయ్యటానికి కేంద్రమంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదించింది. కార్మికులు మళ్లీ వీధిలోకి వచ్చారు. ఈ రెండు తేదీల మధ్య పెరిగిన పాఠకుడు "అల్పజీవి"ని 1953 నాటి పాఠకుడిలాగా ఎట్లా చదవగలడు?

ఇంత చెప్పి, ఆనందం సంగతి మరిచిపోకూడదు. మొదటిసారి చదివేటప్పుడు కథ మన మెడబట్టి ముందుకు తోస్తుంది. తరవాత ఏమవుతుందన్న ఆత్రంలో వాక్యాలను కాళ్లకింద తొక్కుకుంటూ పోతాము. రెండవసారి ఆ తొందర వుండదు. శాస్త్రిగారి ఉపమానాలు ఒకదాని మీద ఒకటి అలల్లాగా వచ్చిపడటం, నవ్వించిన వాక్యమే మరుక్షణం గుండెలో ముల్లై దిగటం అప్పుడు తీరుబడిగా చూస్తాము. ఉన్నవవారు గుంటూరుసీమ పలుకుబడిని ఎంత ధైర్యంగా పుస్తకంలోకి తెచ్చారో చెవికి తెలుస్తుంది. మొదట్లో అనామకులుగా దాటిపోయినవాళ్లు పేర్లతో సహా పలకరిస్తారు. ఇది వట్టి భోగం కాదు. మనుషులను శ్రద్ధగా చూడటం నేర్పే ఆనందం. మనుషులను శ్రద్ధగా చూడటం రానివాడు ప్రజలను గురించి మాట్లాడి ప్రయోజనం లేదు.

అయితే మళ్లీ చదవటంలో ఒక ప్రమాదం లేకపోలేదు. పుస్తకాన్ని వదిలి మన పడుచుతనాన్నే చదువుకుంటూ కూర్చోవచ్చు. ఆ రోజులే బంగారు రోజులనీ, ఇప్పటి రచయితలకు చేతకాదనీ నిట్టూర్చవచ్చు. అది చదవటం కాదు, చరిత్రకు వెన్ను చూపటం. దానికి విరుగుడు ఒకటే: ఇష్టమైన పుస్తకాన్నయినా పరీక్షకు నిలబెట్టాలి. నేను మళ్లీ తెరిచిన నవలలన్నీ నిలబడలేదు. చివరి అధ్యాయంలో ఒక్క ఉపన్యాసంతో సమ్మె గెలిపించిన అభ్యుదయ నవలలు కొన్ని ఈసారి యాభై పేజీలు దాటనివ్వలేదు. వాటి ఉద్దేశం మంచిదే. కాని నినాదాన్ని ఒకసారి వింటే చాలు. బతుకును ఎన్నిసార్లయినా చూడవచ్చు. ఏది సాహిత్యం, ఏది కరపత్రం అన్న మన పాత తగాదా రెండవ చదువులో చాలావరకు తీరిపోతుంది.

విశాఖ రేవు కట్టినప్పుడు తీరం వెంట కొట్టుకువచ్చే ఇసుకను ఆపటానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట వేశారు. అయినా ఇసుక రావటం మానలేదు. కాలవను తవ్వుతూనే వుండాలి. మానితే ఓడలు లోపలికి రావు. పుస్తకాల మీద కూడా అటువంటి ఇసుకే మేటవేస్తుంది. గైడ్లు, సంక్షిప్త కథలు, విమర్శకుల తీర్పులు, మన పార్టీల తీర్పులు కూడా. "మాలపల్లి" అంటే హరిజనోద్ధరణ, "అల్పజీవి" అంటే ఆత్మన్యూనత అని రెండు మార్కుల జవాబు రాసి విద్యార్థి బయటపడుతున్నాడు. అతనికి మొదటి చదువే లేదు, రెండవది ఎక్కడినుంచి వస్తుంది?

కనక అధ్యాపక మిత్రులకు ఒక సూచన. కొత్త పుస్తకాలను మానమని ఎవరూ అనటం లేదు. ఏడాదికి ఒక్క నవలను మాత్రం, అంతకుముందు చదివినదాన్నే, విద్యార్థులతో కలిసి మొదటినుంచి చివరిదాకా చదవండి. "మాలపల్లి"తో మొదలుపెట్టవచ్చు. 1936లో వాల్తేరు విద్యార్థులను దేన్ని చదవనివ్వకూడదని ప్రభుత్వం అనుకున్నదో దాన్ని ఇప్పుడు ఎవరి అనుమతీ లేకుండా చదువుకోవచ్చు. పిల్లలు అడిగే ప్రశ్నలను రాసిపెట్టుకోండి. పదేళ్ల తరవాత అదే నవలను మరో తరగతితో చదివినప్పుడు ఆ కాగితాలు పక్కన పెట్టుకు చూడండి. నవల ఎంత మారిందో, దేశం ఎంత మారిందో, ఏది ఇంకా మారకుండా వున్నదో వాటిలో కనిపిస్తుంది.