స్కార్లెట్ ఓహారా పాత్రకు నటి ఎంపిక

స్కార్లెట్ ఓహారా పాత్రకు నటి ఎంపిక 1936 - 1939 సంవత్సరాల మధ్య అమెరికాలో విస్తృతంగా చర్చించబడిన సినీరంగ ఘట్టం. మార్గరెట్ మిచెల్ రచించిన "గాన్ విత్ ద విండ్" నవలను చలనచిత్రంగా తీయ సంకల్పించిన నిర్మాత డేవిడ్ ఓ. సెల్జ్‌నిక్, అందులోని కథానాయిక పాత్రకు తగిన నటి కోసం రెండేళ్ళకు పైగా అన్వేషించాడు. చివరకు 1939 జనవరి 13న బ్రిటిష్ నటి వివియన్ లీ పేరును ప్రకటించాడు. ఈ అన్వేషణ హాలీవుడ్ చరిత్రలో ఒక గొప్ప ప్రచారతంత్రంగా పేరుపొందింది. అయితే పంపిణీ ఒప్పందాల వలన చిత్రీకరణ ఆలస్యం కావడం, పాత్రకు సరిపోయే నటి నిజంగానే దొరకకపోవడం కూడా దీనికి కారణాలు.

నేపథ్యం

ఈ నవల 1936 జూన్ 30న వెలువడింది. అమెరికా అంతర్యుద్ధము, దాని తరువాతి పునర్నిర్మాణ కాలము నేపథ్యంగా, జార్జియా రాష్ట్రంలోని ఒక పత్తి తోటల కుటుంబానికి చెందిన యువతి కథ ఇది. ఆరు నెలలలోనే పది లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 1937లో రచయిత్రికి పులిట్జర్ బహుమతి లభించింది. సెల్జ్‌నిక్ సంస్థ తూర్పుతీర ప్రతినిధి కే బ్రౌన్ ప్రోద్బలంతో, నవల విడుదలైన కొద్ది రోజులకే, 1936 జులైలో, సెల్జ్‌నిక్ 50,000 డాలర్లకు చిత్రీకరణ హక్కులను కొనుగోలు చేశాడు.

అప్పటికే లక్షలాది పాఠకులు స్కార్లెట్ రూపాన్ని ఎవరికి వారు ఊహించుకొని ఉన్నారు. కథ ఆరంభంలో ఆమె వయస్సు పదహారేళ్ళు. చివరకు వచ్చేసరికి యుద్ధాన్ని, ఆకలిని, మూడు వివాహాలను చూసిన స్త్రీ. స్వార్థం, పట్టుదల, ఆకర్షణ కలగలిసిన వ్యక్తిత్వం ఆమెది. నవలాకర్త ఆమెను సౌందర్యరాశిగా కాక, మగవారు ఆ సంగతి గమనించలేనంతగా ఆకట్టుకొనే యువతిగా చిత్రించింది. లేత వయస్సును, పరిణతిని ఒకే నటి మెప్పించవలసి రావడమే ఈ పాత్రలోని ప్రధాన కష్టం. పాత్రధారుల ఎంపికలో జోక్యం చేసుకోవడానికి మార్గరెట్ మిచెల్ నిరాకరించింది.

ఆలస్యానికి కారణం

కథానాయకుడు రెట్ బట్లర్ పాత్రకు క్లార్క్ గేబుల్ తగినవాడని ప్రేక్షకులలో అధికులు భావించారు. అయితే అతడు ఎం.జి.ఎం. సంస్థతో ఒప్పందంలో ఉన్న నటుడు. 1938 ఆగస్టులో కుదిరిన ఏర్పాటు ప్రకారం ఎం.జి.ఎం. గేబుల్‌తో పాటు 12.5 లక్షల డాలర్ల పెట్టుబడిని సమకూర్చింది. అందుకు ప్రతిగా లాభాలలో సగం వాటాను, చిత్ర పంపిణీ హక్కులను పొందింది. కాని సెల్జ్‌నిక్ చిత్రాలను పంపిణీ చేసే ఒప్పందం 1938 సంవత్సరాంతం వరకు యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థతో ఉన్నది. అందుచేత ఆ గడువు ముగిసే వరకు ప్రధాన చిత్రీకరణను వాయిదా వేయవలసి వచ్చింది. ఈ విరామంలో ప్రజల ఆసక్తి సన్నగిల్లకుండా కాపాడినది కథానాయిక అన్వేషణే.

దక్షిణ రాష్ట్రాలలో అన్వేషణ

కొత్త ముఖాన్ని పరిచయం చేయాలనే ఆలోచనతో కే బ్రౌన్, ఇతర ప్రతినిధులు దక్షిణ రాష్ట్రాలలోని కళాశాలలు, నాటక సంఘాలు తిరిగారు. మొత్తం మీద సుమారు 1,400 మందిని పరిశీలించి, వారిలో దాదాపు 400 మందిచే సంభాషణలు చదివించారు. సుమారు ముప్పై మందికి స్క్రీన్ టెస్టులు నిర్వహించారు. ఇందుకు లక్ష డాలర్ల వరకు ఖర్చయినట్లు చెబుతారు. ఈ పర్యటనలలో కథానాయిక దొరకలేదు. అయితే సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌కు చెందిన అలీషియా రెట్‌కు ఇండియా విల్క్స్ పాత్ర లభించింది.

పరిశీలనకు వచ్చిన తారలు

* మిరియం హాప్కిన్స్ - జార్జియాలో జన్మించిన నటి. 1935లో "వానిటీ ఫెయిర్" నవల ఆధారంగా వచ్చిన "బెకీ షార్ప్" చిత్రంలో ఇటువంటి స్వభావం కల పాత్రనే పోషించింది. తొలినాళ్ళలో ప్రేక్షకుల మద్దతు ఈమెకు బాగా ఉండేది.
* తల్లులా బ్యాంక్‌హెడ్ - అలబామాకు చెందిన నాటకరంగ నటి. అప్పటికి ముప్పై ఏళ్ళు దాటినందున కథ తొలి భాగానికి సరిపోదని సెల్జ్‌నిక్ భావించాడు.
* బెట్టీ డేవిస్ - వార్నర్ సంస్థ ఈమెను ఎరల్ ఫ్లిన్‌తో జతగా ఇవ్వజూపింది. ఫ్లిన్ సరసన నటించడానికి ఆమె అంగీకరించలేదు. తరువాత ఇదే తరహా దక్షిణాది యువతి పాత్రను "జెజబెల్" (1938) చిత్రంలో పోషించి ఆస్కార్ పొందింది.
* నార్మా షేరర్ - 1938లో ఈమె పేరు వినిపించగానే అభిమానులు వ్యతిరేకించారు. దానితో ఆమె తనంతట తానే తప్పుకొన్నది.
* కేథరిన్ హెప్‌బర్న్ - పాత్ర కోసం పట్టుబట్టింది. దర్శకుడు జార్జ్ క్యూకర్ ఆమె మిత్రుడు. అయినా స్కార్లెట్‌కు కావలసిన ఆకర్షణ ఆమెలో లేదని నిర్మాత అభిప్రాయపడ్డాడు.
* పాలెట్ గొడార్డ్ - 1938 చివరి నాటికి అందరికంటే ముందున్న నటి. చార్లీ చాప్లిన్‌తో ఆమె వివాహానికి స్పష్టమైన ఆధారాలు చూపలేకపోవడం ఆమెకు అడ్డంకి అయింది.

తుది దశ

1938 డిసెంబరు 10 రాత్రి, కథానాయిక ఖరారు కాకుండానే, అట్లాంటా నగర దహనం దృశ్యాన్ని చిత్రీకరించారు. స్కార్లెట్‌కు బదులు డూప్ నటించింది. ఆ మంటల వెలుగులో నిర్మాత సోదరుడు, నటుల ఏజెంటు అయిన మైరన్ సెల్జ్‌నిక్ వివియన్ లీని వెంటబెట్టుకొని వచ్చి పరిచయం చేశాడన్నది ప్రసిద్ధమైన కథ. అయితే ఆమె పేరు అంతకు ముందే పరిశీలనలో ఉన్నది. "ఫైర్ ఓవర్ ఇంగ్లండ్" వంటి చిత్రాలలో ఆమె నటనను సెల్జ్‌నిక్ ఎరుగును. కనుక ఆ సమావేశం పూర్తిగా యాదృచ్ఛికం అనడానికి వీలులేదు.

చివరి జాబితాలో జీన్ ఆర్థర్, జోన్ బెన్నెట్, పాలెట్ గొడార్డ్, వివియన్ లీ మిగిలారు. వీరిలో గొడార్డ్, లీ మాత్రమే టెక్నికలర్ పరీక్షలో పాల్గొన్నారు. పాత్ర తనకే దక్కిందని లీకి క్రిస్మస్ నాడు తెలిసింది. అప్పటికి ఆమె, నటుడు లారెన్స్ ఒలీవియర్ వేర్వేరు వ్యక్తులతో వివాహబంధంలో ఉంటూనే ఒకరినొకరు ప్రేమించుకొంటున్నారు. గొడార్డ్‌కు ఆటంకమైన వ్యక్తిగత జీవితపు ప్రశ్న లీ విషయంలో బయటకు పొక్కకుండా జాగ్రత్తపడ్డారు. 1939 జనవరి 26న ప్రధాన చిత్రీకరణ మొదలైంది.

ఎంపికపై అభ్యంతరాలు

దక్షిణాది యువతి పాత్రను ఆంగ్లేయురాలికి ఇవ్వడంపై నిరసనలు వచ్చాయి. దక్షిణ రాష్ట్రాల సైనికుల వారసురాళ్ళ సంఘానికి చెందిన ఫ్లోరిడా శాఖ ఒకటి అభ్యంతరం తెలిపింది. ఉత్తరాది అమెరికన్ నటి కంటే ఆంగ్లేయురాలే నయమని మరికొందరు సమాధానపడ్డారు. యుద్ధం ముగిసి డెబ్బై ఏళ్ళు దాటినా ఉత్తర దక్షిణాల మధ్య గాయం మానలేదని ఈ వాదన చెబుతుంది. లీ తల్లిదండ్రులది కూడా స్కార్లెట్ తల్లిదండ్రుల వలె ఫ్రెంచి, ఐరిష్ మూలమేనని సెల్జ్‌నిక్ సమర్థించుకొన్నాడు. దక్షిణాది ఉచ్చారణ నేర్పడానికి, ఆచార వ్యవహారాలపై సలహాలివ్వడానికి జార్జియాకు చెందిన పత్రికా రచయిత్రి సుసాన్ మైరిక్, విల్ ప్రైస్ నియమితులయ్యారు.

చర్చకు అందని ప్రశ్న

స్కార్లెట్ యాస ఎలా ఉండాలన్నదానిపై జరిగినంత చర్చ, నవలలో బానిసలను చూపిన తీరుపై ప్రధాన పత్రికలలో జరగలేదు. నల్లజాతీయుల పత్రికలు, పౌరహక్కుల నాయకుడు వాల్టర్ వైట్ మాత్రం ముందుగానే ఆందోళన వ్యక్తం చేశారు. ఫలితంగా కూ క్లక్స్ క్లాన్ ప్రస్తావనను, నల్లజాతీయులను కించపరిచే ఒక పదాన్ని చిత్రకథ నుండి తొలగించారు. కథలోని మౌలిక దృక్పథం మాత్రం మారలేదు. మామీ పాత్రధారిణి హాటీ మెక్‌డానియల్ 1939 డిసెంబరు 15న అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనకు హాజరు కాలేకపోయింది. జార్జియాలో అప్పుడు అమలులో ఉన్న వర్ణవివక్ష చట్టాలు ఇందుకు కారణం.

ఫలితం

చిత్రం విడుదలైన తరువాత కథానాయిక ఎంపికపై వాదన దాదాపు ముగిసింది. 1940 ఫిబ్రవరి 29న జరిగిన ఆస్కార్ ఉత్సవంలో వివియన్ లీ ఉత్తమ నటిగా, హాటీ మెక్‌డానియల్ ఉత్తమ సహాయనటిగా పురస్కారాలు అందుకొన్నారు. ఆస్కార్ పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మెక్‌డానియల్. ఆ రాత్రి ఆమెకు తోటి నటులకు దూరంగా వేరొక బల్ల వద్ద స్థానం కేటాయించారు. ఎనభై ఏళ్ళ తరువాత, 2020 జూన్‌లో, చిత్రంలోని జాతి చిత్రణపై విమర్శల కారణంగా హెచ్.బి.ఓ. మాక్స్ దీనిని తాత్కాలికంగా తొలగించి, చారిత్రక వివరణను జోడించి మరల అందుబాటులోకి తెచ్చింది. పాఠకులు ఎవరికి వారు ఊహించుకొన్న స్కార్లెట్ ముఖంపై వాదన ఏడాదిలో సమసిపోగా, ఆ రోజుల్లో కొద్దిమందే లేవనెత్తిన ప్రశ్న ఈనాటికీ నిలిచి ఉన్నది.

విశేషాలు

* వివియన్ లీ 1913 నవంబరు 5న భారతదేశంలోని డార్జిలింగ్‌లో జన్మించింది.
* చిత్రీకరణలో లీ 125 రోజులు పనిచేసి సుమారు 25,000 డాలర్లు, గేబుల్ 71 రోజులకు సుమారు 1,20,000 డాలర్లు పొందినట్లు చెబుతారు.
* ఈ అన్వేషణను పరిహసిస్తూ క్లేర్ బూత్ 1938లో "కిస్ ద బాయ్స్ గుడ్‌బై" అనే నాటకం రచించింది.
* ఇదే ఉదంతం ఆధారంగా 1980లో "ద స్కార్లెట్ ఓహారా వార్" అనే టెలివిజన్ చిత్రం వచ్చింది. ఇందులో సెల్జ్‌నిక్ పాత్రను టోనీ కర్టిస్ పోషించాడు.