కూడలిలో ఆలస్యం: ఒక లెక్క చరిత్ర

ఆగకుండా సాగిపోతే పట్టే సమయం కంటే కూడలి దాటడానికి వాహనానికి అదనంగా పట్టిన కాలాన్ని రవాణా ఇంజనీర్లు ఆలస్యం అంటారు. దాన్ని అంచనా వేసే పద్ధతికి స్థిరరూపం ఇచ్చినవాడు బ్రిటన్ రోడ్డు పరిశోధనశాలకు చెందిన వెబ్‌స్టర్. 1958లో ఆయన ప్రకటించిన సూత్రం, వాహనాలు సమానమైన ఎడంతో వస్తే కలిగే ఆలస్యానికి, అవి గుంపులుగా, విడివిడిగా ఎలాపడితే అలా రావడం వల్ల పెరిగే ఆలస్యాన్ని కలిపి, ఆ మొత్తాన్ని కంప్యూటర్ అనుకరణల ఆధారంగా కొద్దిగా తగ్గిస్తుంది. అయితే వచ్చే వాహనాలు పచ్చదీపం పంపగలిగినన్నింటికి సమానమయ్యే కొద్దీ ఈ సూత్రంలో ఆలస్యం అనంతమవుతుంది. నిజానికి రద్దీ కొంతసేపుండి తగ్గిపోతుంది కనుక, 1979లో కింబర్, హాలిస్ ఆ రద్దీ నిడివిని కూడా లెక్కలోకి తెచ్చారు.

వెబ్‌స్టర్ లెక్కలో పచ్చదీపం నిడివి ముందే తెలుసు. రోడ్డులో అమర్చిన పరికరం వాహనాన్ని పసిగట్టి, రాక ఆగేవరకు పచ్చదీపాన్ని పొడిగించే సిగ్నళ్ల దగ్గర ఆ నిడివే రద్దీని బట్టి మారుతుంది గనుక, ముందు దాని సగటును, ఆ తర్వాతే ఆలస్యాన్ని అంచనా కట్టాలి. అమెరికా రహదారి సామర్థ్య గ్రంథం 2000 సంచిక, యాదృచ్ఛిక ఆలస్యాన్ని నిర్ణయించే ఒక గుణకాన్ని స్థిరకాల సిగ్నళ్లకు 0.50గా ఉంచి, స్పందించే సిగ్నళ్లకు 0.04 వరకు తగ్గనిచ్చింది. రద్దీ నిండే కొద్దీ ఆ గుణకం మళ్లీ 0.50కే చేరుతుంది. పొడిగించడానికి పచ్చదీపం మిగలని చోట తెలివైన సిగ్నల్ కూడా మామూలు గడియారమే అవుతుందన్న సత్యం ఆ ఒక్క అంకెలో ఉంది.

భారతదేశంలో చిక్కు మరింత లోతుది. పచ్చదీపంలో రోడ్డు వెడల్పు మీటరుకు గంటకు 525 కార్లకు సమానమైన వాహనాలు దాటుతాయన్న బ్రిటిష్ విలువనే మన ఇంజనీర్లు చాలాకాలం వాడారు. అది వరుస తప్పని కార్ల నుంచి పుట్టిన అంకె. హైదరాబాదులో ఎర్రదీపం పడగానే బైకులు, ఆటోలు సందుల గుండా ముందుకు చేరి, పచ్చదీపం తొలి క్షణాల్లోనే గుంపుగా దాటిపోతాయి. ఒక వరుసనే చూసే పరికరానికి అవి సరిగా అందవు. కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ నాయకత్వంలో 2017లో సిద్ధమైన భారతీయ రహదారి సామర్థ్య గ్రంథం మన మిశ్రమ వాహనాలనే కొలిచి విలువలు స్థిరపరచడం, ఆలస్యంగానైనా జరిగిన అత్యవసరమైన పని.

రద్దీ వేళ పోలీసు చేత్తో సిగ్నల్ నడిపితే పై సూత్రాలేవీ వర్తించవు. అప్పుడు నమ్మదగినది క్షేత్రపద్ధతి: నిర్ణీత వ్యవధికొకసారి నిలిచివున్న వాహనాలను లెక్కించి, ఆ సంఖ్యల మొత్తాన్ని వ్యవధితో గుణిస్తే, అవన్నీ కలిసి నిలిచి ఉన్న కాలం తెలుస్తుంది.