విగ్రహము క్రింది అక్షరములు

విశాఖపట్టణములో వన్ టౌన్ అని మనము పిలుచుకొను పాతనగరమున విక్టోరియా రాణి కంచువిగ్రహమొకటి యున్నది. జనులు దానిని రాణిబొమ్మ యందురు. రాణి 1901లో మరణించెను; విగ్రహము 1904లో నిలిచెను. ఆ బొమ్మ పేరు చెప్పినచో ఆటోవారందరును దారి చూపుదురు గాని, ఆ రాణి యెవరో, ఆమెకును సముద్రపుటొడ్డుననున్న మన యూరికిని సంబంధమేమో చెప్పగలవారు తక్కువ. నేటి ప్రసంగమును ఆ బొమ్మతో ప్రారంభించుటకు కారణము నేను పూర్వము చేసిన యొక తప్పు.

ఇప్పటికి నలువదియేండ్లు కావచ్చినది. నేను క్రొత్తగా తెలుగు పండితుడనై ఈ నగరమున ఒక పాఠశాలలో చేరిన కాలము. ఆగస్టు పదునైదవనాడు జెండావందనము ముగించుకొని పిల్లలను వెంటబెట్టుకొని ఆ దారిని వచ్చుచుంటిని. జాలరిపేట బాలుడొకడు నా కండువా కొస పట్టుకొని, "మేష్టారండీ, తెల్లోళ్ళందరూ ఎల్లిపోనారు గదండీ, మరి ఈ రానిబొమ్మ నెందుకుంచేసినారు?" అని యడిగెను. నేను యువకుడను, దేశభక్తి గలవాడను, అందులోను ఆనాడు స్వాతంత్ర్యదినము. "నీవు చెప్పినది నిజము. దానిని తీసి సముద్రములో పడవేయవలసినదే" అంటిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి. నేనును సంతోషించితిని.

ఆ సంతోషమును దాచుకొనలేక వ్యాకరణము చెప్పిన మా గురువుగారితో ఈ సంగతి విన్నవించుకొంటిని. వారు ఔననలేదు, కాదనలేదు. "వచ్చే ఆదివారము సింహాచలము పోదము, రా" అనిరి. దర్శనమైన పిమ్మట వారు నన్ను ఒక శాసనముకడ నిలువబెట్టి చదువుమనిరి. ఆ ఆలయమున రెండువందలకు పైగా శాసనములు గలవు. నేను చదివినది శాలివాహన శకము 1438 నాటిది, అనగా క్రీస్తుశకము 1516. పాతలిపి యగుటచే కూడబలుకుకొని చదివితిని. శ్రీకృష్ణదేవరాయలు దేవేరులతోగూడ వచ్చి స్వామిని సేవించి ఆభరణములు సమర్పించినట్లు అందులో నున్నది.

"ఈ రాజు ఈ కొండ యేలికకు ఏమగునురా?" అని గురువుగారు ప్రశ్నించిరి. నేను తెల్లబోయితిని. చరిత్ర నాకు తెలియనిది కాదు. ఆ విధముగా నెన్నడును తలపోయలేదు. ఆనాడు ఈ కళింగసీమ కటకపు గజపతులది. రాయలు వచ్చినది శత్రువుగా. 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు, పిదప కొండపల్లి సాధించి, గజపతి దేశముననే దండయాత్ర సాగించి, పొట్నూరున జయస్తంభము నాటించినవాడాయన. తరువాత సంధి జరిగినది. కృష్ణకు ఉత్తరమున నున్న దేశమును ప్రతాపరుద్ర గజపతికి రాయలు తిరిగి యిచ్చివేసెను. సింహాచలము మరల గజపతుల ఏలుబడిలోనికి వచ్చెను. తమ్ము నోడించినవాని పేరు తమ దేవుని ముంగిట రాతిలో నున్నది. చెరిపివేయుటకు ఒక కాసెవానిచేత ఉలి పట్టించిన చాలును. చెరిపింపలేదు. అయిదువందల యేండ్ల తరువాత నావంటివాడు పోయి చదువగలిగినాడన్నచో ఆ ఉలి లేవకుండుటయే కారణము.

ఇది వారి యౌదార్యమని నేననుట లేదు. శాసనములను చెరిపినవారికి మహాపాతకములు కలుగునని మన దానశాసనముల చివర శాపవాక్యములు వ్రాయుట పరిపాటి. తాను దానము చేయుటకంటె ఇతరులు చేసిన దానమును కాపాడుటయే గొప్పదని కూడ వానిలోనే చెప్పుదురు. శాపమునకు భయపడిరో, దేవుని సొమ్ము దేవునిదే యని యూరకుండిరో, ఏదైనను కానిండు. ఆ ఆచారమువలన మనకు చరిత్ర మిగిలినది. గురువుగారు కొండ దిగునప్పుడు ఒక్కమాట మాత్రమే యనిరి: "నీ రాణిబొమ్మను ముంచుటకు సముద్రమున చోటున్నది గాని, ఆ తరువాత నీ శిష్యునకు పాఠమెట్లు చెప్పుదువు?"

ఆనాటినుండి ఈ విషయమును నేను విడువలేదు. ఏ స్మారకమునకైనను రెండు చరిత్రలుండును. ఒకటి ఎవరి రూపమో వారిది, రెండవది నిలిపినవారిది. రాణిబొమ్మలో రాణిచరిత్ర కొంచెము. ఆమె మన సముద్రమును చూచినదే లేదు. 1904 నాటికి మన జమీందారులును, పట్టణపు పెద్దలును ఎవరికి దండము పెట్టుచుండిరో, ఎందుకు పెట్టుచుండిరో, అది యందు పుష్కలముగా నున్నది. ఆ సిగ్గు మనది. సిగ్గుపడవలసిన సాక్ష్యమును పారవేసినచో సిగ్గు పోదు, సాక్ష్యము మాత్రమే పోవును.

అట్లని ప్రతివిగ్రహమును నిలిచినచోటనే నిలువవలెనను పక్షమువాడను కాను. చెన్నపట్టణపు మౌంటురోడ్డున నీల్ అను సేనాని విగ్రహముండెడిది. 1857లో అలహాబాదు, కాన్పూరులయందు అతడు చేయించిన ఘోరములు ఇప్పటికిని చదువ మనస్కరింపదు. ఆ విగ్రహమును తొలగింపవలెనని 1927లో సత్యాగ్రహము జరిగి అనేకులు చెరసాలకు పోయిరి. ఆనాడు మన విశాఖయు చెన్నరాజధానిలోనిదే. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వచ్చిన తరువాత దానిని వీథినుండి తీసి వస్తుప్రదర్శనశాలకు చేర్చిరి. పగులగొట్టలేదు, కరగింపలేదు. వీథిలో నెత్తుగా నిలుపుట మర్యాద చేయుట. ప్రదర్శనశాలలో నుంచుట సాక్ష్యమును భద్రపరచుట. నీల్ మర్యాదకు తగడు. సాక్ష్యమునకు మాత్రము అతనికంటె తగినవాడు లేడు.

మన ఆగమములును ఇట్టి భేదమునే పాటించినవి. భిన్నమైన బింబమును అర్చకుడు తన యిష్టము వచ్చినట్లు తొలగింపరాదు. కళాకర్షణము చేసి కలశములోనికి శక్తి నావాహనము చేసి, బాలాలయమున నుంచి, ఆ పిమ్మట జీర్ణోద్ధారము సాగింపవలెను. నాయకుల విగ్రహములకు ప్రాణప్రతిష్ఠ లేదు గావున ఆ విధి అక్కరలేదందురు. మంత్రములు అక్కరలేదు, పద్ధతి అక్కర కలదు. రోడ్డు వెడల్పు చేయునపుడు రాత్రికి రాత్రి విగ్రహమును లారీకెక్కించి గోదాములో బోరగిలవేయుట నేను కన్నులార చూచితిని. మూడేండ్లకు అది తిరిగి వచ్చెను. దిమ్మ క్రొత్తది, ఫలకము లేదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు నిలిపిరో తెలుపు అక్షరములు ఆ లారీలో నెక్కలేదు కాబోలు.

ఇక మనవారే మనవారి విగ్రహములను కూల్చిన సంగతి. 2011 మార్చి 10న హైదరాబాదు ట్యాంకుబండుమీద నన్నయ, అన్నమయ్య, కృష్ణరాయలు మున్నగువారి విగ్రహములు పడిపోయినవి. మా విశాఖలో పుట్టిన శ్రీశ్రీ విగ్రహమును విడువలేదు. ఆ వార్త విని నేను రెండు పూటలు అన్నము తినలేదు. ఆ తరువాత నిలుకడగా ఆలోచించితిని. 1980వ దశకమున ఆ విగ్రహములను వరుసగా నిలిపినపుడు తెలంగాణపు మహనీయులకు తగిన చోటు లేకపోయెనను ఫిర్యాదు అబద్ధము కాదు. పంక్తిలో కొందరికి విస్తరి వేయకపోయినచో ఆకలిగొన్నవాడు లేచి అరచును. కాని నన్నయ విస్తరి చింపినంతమాత్రమున ఎవరి కడుపు నిండును? విగ్రహములను తిరిగి నిలిపిరి. మంచిపని. ఆ దిమ్మలమీద 2011 సంగతియు నొక పంక్తి చెక్కించియుండినచో ఇంకను మంచిపని యయ్యెడిది.

ఇంతకంటెను నన్ను బాధించినది దూరదేశపు వార్త. ఆఫ్రికాలోని ఘనాదేశపు విశ్వవిద్యాలయమున 2016లో మన రాష్ట్రపతి ఆవిష్కరించిన గాంధీమహాత్ముని విగ్రహమును 2018 డిసెంబరులో తొలగించిరి. ఆయన దక్షిణాఫ్రికాలో యువకుడుగా నున్నపుడు నల్లవారినిగూర్చి వ్రాసిన మాటలు అక్కడి ఆచార్యులకు సహింపరానివైనవి. మొదట నాకు కోపము వచ్చినది. పిదప ఆ మాటలు తెప్పించుకొని చదివితిని. ఉన్నవి. వానిని లేవనుటకు వీలులేదు. తరువాతి గాంధీ వేరు, ఆ మాటలనుండి చాలదూరము నడచినవాడు అని నేను వాదింపగలను. కాని ఆ వాదమును వినవలెనో వద్దో నిర్ణయించుకొనువారు ఆ మాట పడినవారు. వారి యంగణమున వారు చేసినది వారి యధికారము. మన యంగణమున మనము చేయవలసినది, పాఠము చెప్పునపుడు ఆ పుటను దాటవేయకుండుట.

మన నగరపాలక సంస్థ కార్యాలయము నెదుట గాంధీ విగ్రహమున్నది. జీతములందనివారు, ఇండ్లు పోయినవారు, 2021లో ఉక్కు కర్మాగారమును ప్రైవేటువారికి అమ్ముదురను వార్త పుట్టిన తరువాత ఆ కార్మికులు, అందరును చేరునది అక్కడికే. ఎండలో ఆ దిమ్మ నీడను కూర్చుండి నినాదములు చేయుదురు. ఈ దేశమున ఆ విగ్రహమునకు ఇంతకంటె గొప్ప అర్చన నేను చూడలేదు. జయంతినాడు దండ వేసి, మరునాడు కాకులకు విడిచిపెట్టు విగ్రహములతో దీనిని పోల్చి చూడుడు.

ఉక్కుమాట వచ్చినది గనుక తెన్నేటి విశ్వనాథముగారి మాట చెప్పక తీరదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ప్రకాశముగారి మంత్రివర్గమున ఆర్థికమంత్రి. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న ఉద్యమమునకు ముందు నిలిచినవాడు. 1966 అక్టోబరున అమృతరావుగారు నిరాహారదీక్ష పూనుట, నవంబరు 1న ఈ నగరమున కాల్పులు జరిగి ప్రాణములు పోవుట, 1971 జనవరిలో ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేయుట పెద్దలకు జ్ఞాపకమే. తెన్నేటివారి పేర సముద్రపుటొడ్డున ఉద్యానవనమున్నది. నేను ఉద్యోగము విరమించిన తరువాత ఒకనాడచ్చట ఆడుకొను పిల్లలను, తెన్నేటి అనగా నెవరని యడిగితిని. "ఓడ కొట్టుకొచ్చిన చోటండీ" అనిరి. 2020 అక్టోబరులో వాయుగుండమునకు బంగ్లాదేశపు సరకుల ఓడ యొకటి లంగరు తెగి ఆ పార్కుకడ ఒడ్డున పడినమాట నిజమే. పేరు మిగిలినది, మనిషి కొట్టుకొనిపోయినాడు.

అల్లూరి సీతారామరాజుగారి విషయమును అంతే. ఆయనకు ఊరూర విగ్రహములు గలవు. 2022లో ఆయన పేర ఒక జిల్లాయే ఏర్పడినది. సంతోషము. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుఠాణామీద పడినవారిలో ఆయన యొక్కడేనా? గాము గంటముదొర, మల్లుదొర సోదరులో? ఆ మల్లుదొరయే స్వతంత్రభారతపు మొదటి లోకసభకు విశాఖపట్టణమునుండి ఎన్నికయ్యెను. ఈ మాట చెప్పినపుడు మా పాఠశాలలో తోటి ఉపాధ్యాయులే నమ్మలేదు. రాజుగారి విగ్రహము క్రింద ఈ పేర్లు రెండు చెక్కించుటకు ఎంత వ్యయమగును? రెండవ విగ్రహమునకగు వ్యయములో నూరవవంతు చాలును.

బాటలమీద, జనుల రాకపోకల స్థలములలో క్రొత్త విగ్రహములకు అనుమతి యీయరాదని సుప్రీముకోర్టు 2013 జనవరిలో ఉత్తరువిచ్చినది. ఆ తరువాతను మన కూడళ్ళలో దిమ్మలు లేచుచునే యున్నవి. క్రొత్తవాని తొందర మానుకొని, ఉన్నవాని ఫలకములను కడిగి, చెరిగిన అక్షరములకు రంగు వేయించి, లేనివానికి తేదీయు, నిలిపినవారి పేరును, కారణమును చెక్కించి, కదలింపవలసి వచ్చినపుడు శాసనములకు తీయునట్లు ఆ ఫలకములకు ప్రతి తీయించి భద్రపరచవలెనని నేనొక అర్జీ వ్రాసితిని. అది ఏ బల్లమీద నున్నదో నేటికిని తెలియరాలేదు.

నన్ను ప్రశ్నించిన ఆ బాలుడు ఇప్పుడు రేవులో క్రేను నడుపుచున్నాడనియు, అతని కూతురు కళాశాలలో చదువుచున్నదనియు విన్నాను. అతడు కనబడినచో నా ఆనాటి జవాబును సరిదిద్దుకొనవలసియున్నది. రాణిబొమ్మకడ నిలుచుండి చెప్పిన చాలదు. సింహాచలము వరకు బస్సెక్కించి తీసికొనిపోవలెను. వ్రాసినదానిని కూడబలుకుకొని చదువుటకు ఒక పూట పట్టును.