నారికురుపు చరిత్ర



పురుగులు కాపురముండు తావులు పెక్కు తెఱగులు. వానపాము తడిమన్నును తొలుచుకొని, అందు కుళ్లిన ఆకులను తిని బ్రతుకును. ఏలికపాము మన ప్రేగులలోనే చేరి, మనము తిన్నదానిలో పాలు పంచుకొనును. వీనిని గూర్చి మీకు నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. నేడు చెప్పబూనినది మూడవదాని కథ. అది ఒకప్పుడు రాయలసీమ పల్లెలను పీడించిన నారికురుపు.

ఈ పురుగునకు ఇండ్లు రెండు: మనుష్యుని దేహమొకటి, నిలువనీరు మఱియొకటి. ఏ ఒక్కదానిలోనో యుండి వంశమును నిలుపుకొనుట దానికి సాధ్యము కాదు. నీటిలో దాని పిల్లలను చుక్కంత నీటిపురుగు మ్రింగును. ఒంటికన్నుగల ఆ నీటిపురుగును శాస్త్రజ్ఞులు సైక్లాప్స్ అందురు. దాని కడుపులో పిల్ల రెండు వారములు పెరుగును. ఆ నీరు మనము త్రాగగా జఠరరసమువలన నీటిపురుగు చచ్చును గాని, లోపలి పిల్ల చావదు. అది ప్రేగును తొలుచుకొని దేహములో ప్రవేశించును. మగది జతకూడిన పిదప నశించును. ఆడుది యించుమించు ఏడాది చర్మము క్రింద సంచరించి, వింటినారివలె రెండు మూరల వఱకు పెరిగి, తఱచుగా కాలికి దిగి బొబ్బ పుట్టించును.

నాకు మిక్కిలి వింతగా తోచునది ఇటుపై జరుగు సంగతి. ఆ బొబ్బ నిప్పువలె మండును. మంట చల్లార్చుకొనుటకై రోగి కాలు నీట ముంచును. ముంచగనే పురుగు లక్షలకొలది పిల్లలను నీటిలో విడుచును. మనము ఉపశమనమని తలచినదే దానికి ఇంటిత్రోవ! దిగుడుబావి మెట్లు దిగి, మోకాలిలోతున నిలిచి కడవ ముంచుకొను ఊళ్లలో దాని పని యెంత సులభమో మీరే యూహింపుడు. ఈ వ్యాధి చంపుట అరుదు, మంచము పట్టించును. వారములకొలది రైతు అడుగు తీసి అడుగు పెట్టలేడు. పదును తప్పిన పొలము వాని కొఱకు ఆగునా?

పురుగును కఱ్ఱపుల్లకు చుట్టి, దినమునకు కొంచెము కొంచెముగా లాగుట పురాతనమైన చికిత్స. క్రీ. పూ. 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్యగ్రంథమున ఈ పద్ధతి యున్నదని పండితుల యభిప్రాయము. తొందరపడి త్రెంపినచో కాలు వాచి చీము పట్టును. ఇన్ని వేలయేండ్లకును దీనికి మందుగాని టీకాగాని లేదు.

నీటిపురుగు గుట్టును 1870 ప్రాంతమున తుర్కిస్తానములో కనుగొన్నవాడు అలెక్సీ ఫెద్చెంకో యను రష్యా దేశీయుడు. పాపము, ముప్పది యేండ్లు నిండకయే 1873లో ఆల్ప్స్ పర్వతములలో మరణించెను. గుట్టు తెలిసినది గనుక త్రోవ కట్టుట మిగిలెను. బుఖారా నగరపు కొలనులను బాగుచేసి, 1930 ప్రాంతమున అచ్చట ఈ వ్యాధిని తుడిచివేసిరి.

మన దేశమున 1984లో సుమారు 40,000 మంది రోగులు ఏడు రాష్ట్రములలో లెక్కకు వచ్చిరి. ఆంధ్రప్రదేశ్ అందులో నొకటి. మెట్లు మూసి, ఒరలు కట్టి, దిగుడుబావులను చేదబావులుగా మార్చిరి, చేతిపంపులు వేసిరి, నీటిపురుగు చచ్చు మందు కలిపిరి. అన్నిటికంటె చౌకయైనది వడగట్టు గుడ్డ. నీటిపురుగు గుడ్డపై నిలిచిపోయినచో, కడవలోని నీటివలన భయము లేదు. కడపటి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము ఈ వ్యాధినుండి విముక్తమైనదని ధ్రువీకరించెను.

1986లో ప్రపంచమున 35 లక్షల రోగులుందురని అంచనా వేసిరి. 2023లో పదునాలుగురు మాత్రమే తేలిరి. అయినను పురుగు ఓటమి నొప్పుకొనలేదు. ఆఫ్రికాలోని చాడ్ దేశమున 2012 మొదలు కుక్కల దేహములలో అది కనబడుచు వచ్చినది. అందుచేత అచ్చటి పల్లెవారు కుక్కలను కట్టివేయుటయు, చేపల ప్రేగులను వానికి దొరకకుండ గోతులలో పూడ్చుటయు ఆరంభించిరి.