వస్త్రబంధనము: సవ్యాపసవ్యభేదము

వస్త్రమును దేహమున నిలుపుటకు చుట్టి దోపుట, ముడివేయుట, బొత్తాము తగిలించుట యని మూఁడు విధములు కలవు. మొదటి రెంటికి ‘నీవి’, ‘పోకముడి’ మున్నగు పదములు ప్రాచీనములు. ‘బొత్తాము’, అది దూఱెడు ‘కాజా’ యనునవి పోర్చుగీసు పదముల వికృతులు. ‘గుండీ’ హిందీనుండి వచ్చినది. సాధనము లెట్లు మాఱినను, ఏ యంచు పైకి రావలెను, ముడి యే ప్రక్క నుండవలెను అను నియమము బొత్తాముకంటెఁ బురాతనము.

చీనాదేశమున ఎడమయంచును కుడియంచుపైఁ గప్పి కుడిప్రక్క బిగించుట నాగరకలక్షణముగాను, తద్విపరీతము అనాగరకలక్షణముగాను ఎన్నఁబడెను. క్వాన్ జుంగ్ అను మంత్రి లేకున్నచోఁ దామందఱును జుట్టు విరియఁబోసికొని, ఎడమప్రక్క బిగించిన వస్త్రములు దాల్చి యుందుమని కన్ఫ్యూషియసు అభిప్రాయపడెను. జపానులో క్రీ. శ. 719వ సంవత్సరమున ప్రజలందఱు కుడిప్రక్క బిగింపవలెనని రాజశాసనము వెలువడెను. అచ్చట నేఁటికిని జీవించినవారికి ఎడమయంచు పైకి వచ్చును. మృతునకు మాత్రము కుడియంచు పైకిఁ దెత్తురు.

ఇట్టి వ్యత్యయము మన శ్రౌతస్మార్తకర్మములయందును గలదు. ‘ఉపవీత’ శబ్దము సంవరణార్థకమగు ‘వ్యేఞ్’ ధాతువునుండి నిష్పన్నము. కావున కప్పుకొనఁబడునది యని యవయవార్థము. అజినమును గాని వస్త్రమును గాని యట్లు ధరించుట తైత్తిరీయారణ్యకమునఁ జెప్పఁబడినది. ఎడమభుజమునుండి కుడిచంక క్రిందికి వచ్చిన దేవకార్యములకు ఉపవీతము. తాఱుమాఱైనఁ బితృకార్యములకుఁ బ్రాచీనావీతము. జపానీయుల యాచారమునకును దీనికిని జన్యజనకసంబంధము కలదని చెప్ప వలనుపడదు. కాని జీవించినవారికిని గతించినవారికిని గల యంతరమును వస్త్రవ్యత్యయముచే సూచించుట రెంటికిని సమానము.

మొగలుచక్రవర్తుల కొలువున ఈ భేదము మతసూచకమయ్యెను. 16, 17 శతాబ్దముల చిత్రములందు జామా యను నిలువుటంగీ ముళ్లు మహమ్మదీయులకుఁ బ్రాయికముగా కుడిచంక క్రిందను, హిందువులకు ఎడమచంక క్రిందను కానఁబడును. అంగీ యొక్కటియే, భేదము ముడియందే. పేరు వ్రాయఁబడని చిత్రములలోని వ్యక్తులను గుర్తించుటకు పరిశోధకులకు ఇది యొక యాధారము. కావున చిత్రఫలకమును ఎడమకుడులు తాఱుమాఱగునట్లు ముద్రించినచో రాజపుత్రుఁడు మహమ్మదీయుఁడుగాఁ దోఁచును. దానిపైఁ గట్టిన చరిత్రయు దోషయుక్తమగును.

ఎడమకుఁ గాని కుడికిఁ గాని స్వభావముచే నొక యర్థము లేదు. చీనాలో నాగరకతను దెల్పిన ప్రక్కయే మొగలుకొలువున మహమ్మదీయత్వమును దెల్పెను. కావున ఈ యర్థము సాంకేతికమే. సంకేత మెఱుఁగనివానికి పదమెట్లు మూగయో ముడియు నట్లే. ఎఱింగినవానికి ధరించినవాఁ డెవఁడో, బ్రతికియున్నవాఁడో కాఁడో, ఆ ముడియే చెప్పును.