ఇబ్రా హార్థీలు – పంగానీ చెఱకు తోటలు

వంశ చరిత్ర యనగానే మనకు రాజుల కథలు, జమీందారుల కథలు జ్ఞప్తికి వచ్చును. తోట గల వానికి పత్రము కలదు, పటము కలదు, వంశవృక్షము కలదు. ఆ తోటలో చెఱకు నఱికిన వానికి అవి యేవియు లేవు. చెఱకును నమ్ముకొని యీ మారిషసు ద్వీపమునకు వచ్చిన తెలుగువారి సంతతికి ఈ మాట క్రొత్తది కాదు. ఐనను మన సముద్రమునకు ఆవలి యొడ్డున చెఱకు తోటలు నడపిన ఒక వంశము యొక్క చరిత్రను పరిశీలించినచో మన చరిత్రయే మఱికొంత స్పష్టముగ కానవచ్చును. ఆ తోటల యజమానులు తెల్లదొరలు కారు, అరబ్బులు. వారి వంశము హార్థీ. ఆ వంశమువారి మూలస్థానములలో ముఖ్యమైనది ఒమాన్ దేశము నందలి ఇబ్రా.

ఇబ్రా మస్కటు నుండి లోనాటికి సుమారు 150 కిలోమీటర్ల దూరమున నున్న ఒయాసిస్సు పట్టణము. అక్కడ సముద్రము కనబడదు. కొండల నడుమ ఖర్జూరపు తోటలు, వానికి నీరు తెచ్చు ‘ఫలజ్’ అను కాలువలు, ఇదియే ఆ యూరి జీవనాధారము. హార్థీలును మస్కరీలును అచటి ప్రధానమైన తెగలు. ఊరి పాతపేటలలో గొప్ప గొప్ప మట్టియిటుకల మేడలు నేటికిని నిలిచి యున్నవి. పెక్కింటికి కప్పులు కూలినవి. ఖర్జూరపు పండ్లమ్ముకొను ఊరికి ఇన్ని మేడలు ఎట్లు వచ్చినవని చూచువారు ఆశ్చర్యపడుదురు. ఆ ధనములో చాల భాగము ఆఫ్రికా తూర్పు తీరము నుండి వచ్చినది.

శీతకాలమున ఈశాన్యపు గాలి వీచినప్పుడు ఒమాన్ పడవలు ఆఫ్రికాకు పోవుచుండెను. గాలి నైరృతికి మరలినప్పుడు తిరిగి వచ్చుచుండెను. ఆ గాలుల వెంట హార్థీలు తరతరములుగా జంజిబారు చేరిరి. 1840 ప్రాంతమున ఒమాన్ ప్రభువైన సయీద్ బిన్ సుల్తాన్ తన కొలువును జంజిబారునకే మార్చెను. 1856లో ఆయన మరణించిన పిదప కుమారులలో కలహము పుట్టెను. 1859లో బర్ఘష్ తన యన్న మజీద్ మీద తిరుగబడినప్పుడు హార్థీ పెద్దలు బర్ఘష్ పక్షము వహించిరి. ఆంగ్లేయుల సాయముతో మజీద్ గెలిచెను. బర్ఘష్‌ను బొంబాయికి పంపివేసిరి. నాటి నుండి హార్థీలకును రాజకుటుంబమునకును నడుమ పగ నిలిచిపోయెను.

జంజిబారునకు పేరు తెచ్చినది లవంగము. ఈ కథలో మన ద్వీపమునకును పాలు కలదు. 1770లో పియేర్ పొవ్రే ప్రయత్నమువలన లవంగపు మొక్కలు మన ద్వీపమునకు వచ్చెను. ఫ్రెంచివారి దీవులలో పెరిగిన ఆ జాతియే 19వ శతాబ్దపు ఆరంభమున జంజిబారు చేరెను. ఆ దీవికి ఎదురుగా, ఖండము మీద పంగానీ నది లోయలో, అరబ్బులు చెఱకును నాటిరి. రసమును కాచి బెల్లమును, పాకమును చేసి జంజిబారునకును అరేబియాకును పంపుచుండిరి.

చెఱకు పని యెట్టిదో మన పెద్దలకు వేఱుగ చెప్పనక్కరలేదు. నఱికిన చెఱకు ఆగదు. వెంటనే గానుగ ఆడించవలెను, రసము పులియక మునుపే కాచవలెను. పంట కాలమున రాత్రికిని పగటికిని భేదముండదు. జంజిబారు లవంగపు తోటలలో బానిసకు వారమునకు రెండు దినములు తన మడి సాగు చేసికొనుటకు విడుచు ఆచారము కలదు. చెఱకు తోటలో అట్టి వెసులుబాటు నిలువజాలదు. పంగానీలో గానుగల సంఖ్య పెరిగిన కొలది బానిసల బ్రతుకు దుర్భరమయ్యెను. 1873లో అనేకులు తోటలను విడిచి తిరుగుబాటు చేసి, నదికి దక్షిణపు గట్టున కికోగ్వే అను చోట తమ స్వంత గ్రామము నిర్మించుకొనిరి. సముద్రము మీద బానిస వ్యాపారమును నిషేధించు ఒడంబడికను బర్ఘష్ ఆంగ్లేయులతో చేసికొన్నదియు ఆ సంవత్సరముననే. నాటికి ఆతడే సుల్తాను.

ఇక్కడ హిందువులమగు మనము దాటవేయరాని విషయ మొకటి కలదు. అరబ్బు యజమానులకు తోటలు నడపుటకు అప్పులిచ్చినవారిలో మన దేశపు వర్తకులు పెక్కుమంది. కచ్ఛ దేశపు జైరాం శివజీ సంస్థ జంజిబారు సుంకములను గుత్తకు పుచ్చుకొని బహుకాలము నడపెను. తోటలు వారి యొద్ద తాకట్టు పడుచుండెను. భారతీయులలో కొందరు స్వయముగ బానిసలను కలిగియుండిరి. 1860 ప్రాంతమున ఆంగ్లేయ కాన్సల్ రిగ్బీ అట్టి బానిసలను వేలకొలదిగ విడిపించెను. మన పూర్వులు ఇక్కడ చెఱకు కొట్టుచుండిన కాలముననే మన మతస్థులే అక్కడ లెక్కల పుస్తకము పట్టుకొని కూర్చుండిరి.

ఈ హార్థీ వంశమున మిక్కిలి ప్రసిద్ధుడైనవాడు అబుషీరి బిన్ సాలిం. తండ్రి అరబ్బు, తల్లి ఒరోమో జాతి స్త్రీ యందురు. పంగానీ సమీపమున ఆతనికి చెఱకు తోట యుండెను. 1888లో సుల్తాను ఖలీఫా తీరప్రాంతపు పరిపాలనను జర్మను కంపెనీకి వదలుకొనెను. ఆగస్టు నెలలో కంపెనీ యుద్యోగియైన జెలెవ్స్కీ పంగానీలో తన జెండా నెత్తి, పట్టణవాసుల మర్యాదను కాలరాచెను. జనులు తిరుగబడిరి. నడిపించువాడు అబుషీరి యయ్యెను. కిలిమంజారో నెక్కబోయిన హాన్స్ మేయర్‌ను, ఆతని తోడి యాత్రికుడైన ఓస్కార్ బౌమన్‌ను పట్టి, ధనము పుచ్చుకొని విడిచెను. 1889 మే నెలలో విస్మన్ సేన బాగమోయో చెంత నున్న ఆతని కోటను పడగొట్టెను. అబుషీరి తప్పించుకొని కొన్ని నెలలు పోరాడెను. తుదకు పట్టుబడి, 1889 డిసెంబరు 15వ తేదీన పంగానీలోనే ఉరి తీయబడెను.

ఆతనిని ఎట్లు తలచవలెను? విదేశీయుల నెదిరించిన వీరుడని టాంజానియా చరిత్ర ఆతనిని గౌరవించును. అది సత్యము. ఆతని వర్గమువారి చెఱకు తోటలు బానిసల చెమటతో నడచినవి. అదియును సత్యము. ఒక సత్యమును చెప్పి రెండవదానిని దాచుట చరిత్ర కాదు. అబుషీరి పేరు, తండ్రి పేరు, వంశము పేరు, మరణించిన దినము మనకు తెలియును. కికోగ్వేలో గుడిసె వేసికొన్న వారిలో ఒక్కని పేరైనను మన మెఱుగము.

మన ద్వీపపు చెఱకు తోటలలోను ఆ తీరపువారే మొదట పనిచేసిరి. ఫ్రెంచివారు కిల్వా మొదలగు రేవులనుండి బానిసలను కొని తెచ్చిరి. 1822లో మన గవర్నరు ఫర్క్వార్ కాలమున సయీద్ సుల్తానుతో కుదిరిన ఒడంబడిక క్రైస్తవ రాజ్యములవారికి బానిసలను అమ్ముటను మాన్పినది. 1835 ఫిబ్రవరి 1వ తేదీన ఇక్కడ బానిసత్వము రద్దయినది. నష్టపరిహారము యజమానులకు దక్కెను. బానిసలకు ఏమియు దక్కలేదు. వారు విడిచిన పనికి మన పూర్వులు ఒప్పందపు కూలీలుగ వచ్చిరి. కోరంగి రేవున ఓడ నెక్కిన కారణమున మనవారికి కోరంగివారను పేరు నిలిచినది.

ఇబ్రా వంశముల భాగ్యము నిలువలేదు. 1964 జనవరిలో జంజిబారు విప్లవము వచ్చెను. అరబ్బులు వేలకొలదిగ చంపబడిరి, అనేకులు సర్వమును విడిచి పాఱిపోయిరి. 1970లో కాబూస్ సుల్తానైన పిమ్మట పెక్కుమంది ఒమాన్‌కు తిరిగి చేరిరి. వారి యిండ్లలో స్వాహిలీ భాష నేటికిని వినవచ్చును. తాతల పాపమునకు మనుమలు ప్రాణములతో చెల్లించుట ధర్మమని ఎవ్వరును అనజాలరు. కాని తాతల ధనము ఎక్కడిదో తెలిసికొనుట మనుమల ధర్మము.

ఆ ధర్మము మనకును వర్తించును. మన పూర్వుల పేరు, తండ్రి పేరు, గ్రామము, ఓడ పేరు వ్రాసిన చిట్టాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగ నున్నవి. పెక్కు కుటుంబములలో ఇంటిపేరు పోయి, మొదట వచ్చిన తాతగారి పేరే ఇంటిపేరుగ మాఱినది. ఇంట నున్న అమ్మమ్మను, నాయనమ్మను అడిగి తెలిసినంత వ్రాసికొనుడు. కష్టములను మాత్రమే వ్రాయవలదు. తాత సర్దారై తోటివారిని కొట్టియున్నచో అదియు వ్రాయుడు. 19వ శతాబ్దపు చివర పెద్ద తోటలను ముక్కలుగ అమ్మినప్పుడు నేల కొని, తానును కూలీలను పెట్టుకొన్నచో, వారికి ఏమిచ్చెనో అదియు వ్రాయుడు.

తర్పణము విడుచునప్పుడు మనము తండ్రిని, తాతను, ముత్తాతను పేరు పెట్టి పిలుతుము. అంతటితో ముగియదు. తమవారని చెప్పుకొనుటకు ఎవ్వరును లేనివారికి కూడ నీరు విడుచు ఆచారము మన ధర్మమున కలదు. ఈసారి ఆ నీరు విడుచునప్పుడు, మనకంటె ముందు ఈ నేల మీద చెఱకు నఱికి, పేరు లేక పోయిన ఆ తీరపువారిని తలచుకొందము గాక.