కోన శ్రీకర్ భరత్

కోన శ్రీకర్ భరత్ (జననం: 1993 అక్టోబర్ 3) ఆంధ్ర జట్టుకు చెందిన వికెట్ కీపర్, కుడిచేతి వాటం బ్యాటర్. రామచంద్రపురంలో పుట్టి విశాఖపట్నంలో పెరిగాడు. రంజీ ట్రోఫీ చరిత్రలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన తొలి వికెట్ కీపర్ ఇతనే. 2023 ఫిబ్రవరి నుంచి 2024 ఫిబ్రవరి వరకు భారత్ తరఫున 7 టెస్టులు ఆడాడు. అంతకుముందు మూడేళ్లకు పైగా రెండో కీపర్‌గా జట్టు వెంట ఉన్నాడు. ఏడో టెస్టు పెరిగిన ఊళ్లోనే ఆడాడు. ఇంతవరకు అదే అతని చివరి టెస్టు.

రెండో కీపర్ స్థానం

క్రికెట్ జట్టులో మిగతా స్థానాలకు సర్దుబాటు ఉంటుంది. మూడో స్పిన్నర్‌కు పిచ్‌ను బట్టి చోటు దొరుకుతుంది. ఆరో నంబరు బ్యాటర్ ఒక మెట్టు పైకో కిందికో జరుగుతాడు. కీపింగ్ గ్లవ్స్ మాత్రం ఒక్కరికే. మొదటి కీపర్ గాయపడాలి, ఫామ్ కోల్పోవాలి, లేదా సెలవు తీసుకోవాలి. అప్పటిదాకా రెండో వాడు నెట్స్‌లో సాధన చేస్తూ, డ్రింక్స్ మోస్తూ, ఏ క్షణాన పిలిచినా మైదానంలోకి దిగేలా సిద్ధంగా ఉండాలి.

తెలుగు నేల నుంచి భరత్ కంటే ముందు ఈ పాత్రలో కనిపించిన వాళ్లున్నారు. హైదరాబాద్ కీపర్ పోచయ్య కృష్ణమూర్తి 1971లో వెస్టిండీస్‌పై భారత్ తొలిసారి సిరీస్ గెలిచినప్పుడు అయిదు టెస్టుల్లోనూ కీపింగ్ చేశాడు. ఆ తర్వాత అతనికి మరో టెస్టు దక్కలేదు. 1976లో సయ్యద్ కిర్మానీకి తోడుగా విదేశీ పర్యటనకు వెళ్లి ఒకే ఒక్క వన్డే ఆడాడు. గుంటూరు నుంచి వచ్చిన ఎమ్మెస్కే ప్రసాద్ 1999–2000లో 6 టెస్టులు ఆడాడు. భరత్ భారత జట్టు గడప తొక్కిన 2019 నాటికి సెలక్షన్ కమిటీ చైర్మన్ ఆయనే.

విశాఖ నుంచి ఒంగోలు దాకా

2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో పాకిస్థాన్‌తో వన్డే జరిగింది. మహేంద్ర సింగ్ ధోనీ 123 బంతుల్లో 148 పరుగులు చేసి దేశానికి తన పేరు తెలియజేసిన మ్యాచ్ అది. ఆ రోజు బౌండరీ బయట బంతులు అందించిన బాల్ బాయ్స్‌లో భరత్ ఒకడు. అప్పటికి అతనికి పదకొండేళ్లు.

విశాఖలో కోచ్ జె. కృష్ణారావు దగ్గర ఆట నేర్చుకున్న భరత్ 2012–13 సీజన్‌లో ఆంధ్ర తరఫున ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టాడు. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవాపై 308 పరుగులు చేశాడు. రంజీలో అప్పటికే ఎన్నో ట్రిపుల్ సెంచరీలు వచ్చాయి, కానీ వాటిలో కీపర్ కొట్టింది ఒక్కటీ లేదు. గంటల తరబడి స్టంప్స్ వెనుక కూర్చుని లేచే ఆటగాడు మళ్లీ అంతసేపు క్రీజులో నిలవడం శరీరానికి ఎంత కష్టమో ఊహించుకుంటే ఆ 308 విలువ తెలుస్తుంది.

నిరీక్షణ

2019 నవంబర్‌లో బంగ్లాదేశ్‌తో కోల్‌కతాలో జరిగిన డే–నైట్ టెస్టుకు రిషభ్ పంత్‌ను విడుదల చేసి, వృద్ధిమాన్ సాహాకు తోడుగా భరత్‌ను పిలిచారు. 2020 జనవరిలో ఆస్ట్రేలియాతో వన్డేలప్పుడు పంత్ తలకు దెబ్బ తగిలితే మళ్లీ పిలుపొచ్చింది. 2021 ఇంగ్లండ్ పర్యటనకు స్టాండ్‌బైగా వెళ్లాడు. ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వని పిలుపులే అన్నీ.

2022 ఫిబ్రవరిలో శ్రీలంక సిరీస్‌కు సెలక్టర్లు సాహాను పక్కనపెట్టి పంత్, భరత్‌లను ఎంపిక చేశారు. దాంతో ఆంధ్ర కుర్రాడు అధికారికంగా దేశపు రెండో టెస్టు కీపర్ అయ్యాడు. పంత్ అప్పుడు తిరుగులేని ఫామ్‌లో ఉన్నాడు. ఆ ఏడాది జూన్‌లో లెస్టర్‌షైర్‌తో సన్నాహక మ్యాచ్‌లో భరత్ అజేయంగా 70 పరుగులు చేసినా, బర్మింగ్‌హామ్ టెస్టులో గ్లవ్స్ పంత్‌వే.

కాన్పూర్, 2021 నవంబర్ 27

భరత్ కీపింగ్ ప్రతిభను దేశమంతా తొలిసారి చూసింది అతను తుది జట్టులో లేని రోజున. న్యూజిలాండ్‌తో కాన్పూర్ టెస్టు మూడో రోజు ఉదయం సాహా మెడ పట్టేయడంతో భరత్ సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. 2017లో నిబంధన మారకముందైతే ఇది కుదిరేది కాదు. అంతకుముందు సబ్‌స్టిట్యూట్ ఫీల్డింగ్ మాత్రమే చేయాలి, కీపింగ్ చేయకూడదు. కొత్త నిబంధనతో అంపైర్ల అనుమతి ఉంటే గ్లవ్స్ తొడుక్కోవచ్చు.

పిచ్ మీద బంతి తక్కువ ఎత్తులో వస్తోంది. అశ్విన్ బౌలింగ్‌లో విల్ యంగ్ బ్యాట్‌ను తాకి బాగా కిందుగా వచ్చిన బంతిని భరత్ పట్టాడు. అంపైర్ నాటౌట్ అన్నాడు. భరత్‌కు అనుమానమే లేదు, రివ్యూ తీసుకోమని కెప్టెన్ రహానేను ఒప్పించాడు. 89 పరుగుల యంగ్ వెనుదిరిగాడు. తర్వాత అక్షర్ పటేల్ బౌలింగ్‌లో రాస్ టేలర్ క్యాచ్ పట్టాడు, 95 పరుగుల మీద ఉన్న టామ్ లాథమ్‌ను స్టంపౌట్ చేశాడు. ఎలాంటి ముందస్తు సన్నద్ధత లేకుండా, భారత పిచ్‌లపై అత్యంత కష్టమైన పనుల్లో ఒకటైన అశ్విన్, అక్షర్, జడేజాలకు కీపింగ్‌ను అతను అంత తేలికగా చేశాడు.

ఆ మూడు వికెట్లూ అతని టెస్టు రికార్డుల్లో లేవు. స్కోరుకార్డులో 'సబ్' అని రాసి పక్కన పేరు వేస్తారు. తుది జట్టులో లేనివాడి క్యాచ్‌లు, స్టంపింగ్‌లు కెరీర్ లెక్కల్లో చేరవు. భరత్ బాగా ఆడిన రోజుల్లో ఒకటి గణాంకాల్లోకి ఎక్కనే లేదు.

ఏడు టెస్టులు

2022 డిసెంబర్ 30న పంత్ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. 2023 ఫిబ్రవరి 9న నాగ్‌పూర్‌లో ఆస్ట్రేలియాపై భరత్, సూర్యకుమార్ యాదవ్ ఒకేసారి టెస్టుల్లో అడుగుపెట్టారు. తొలిరోజే జడేజా బౌలింగ్‌లో 49 పరుగుల మార్నస్ లబుషేన్‌ను భరత్ స్టంపౌట్ చేశాడు. అతని టెస్టు రికార్డులో ఉన్న స్టంపింగ్ ఇదొక్కటే.

బ్యాటింగ్ తీరు వేరు. నాగ్‌పూర్‌లో 8. ఢిల్లీలో 6, రెండో ఇన్నింగ్స్‌లో అజేయంగా 23. పుజారా తన వందో టెస్టును గెలుపు పరుగుతో ముగించినప్పుడు అవతలి ఎండ్‌లో ఉన్నది భరతే. ఇందోర్‌లో 17, 3. మూడు రోజుల్లో ముగిసిపోయిన ఆ మూడు టెస్టుల్లో నిలదొక్కుకోవడం పెద్ద బ్యాటర్లకే కష్టమైంది. కాస్త చదునుగా ఉన్న అహ్మదాబాద్ పిచ్‌పై 44 చేశాడు. అదే అతని అత్యధిక టెస్టు స్కోరు. జూన్‌లో ఓవల్‌లో ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్‌లో 5, 23. తర్వాతి వెస్టిండీస్ పర్యటనలో కీపింగ్ ఇషాన్ కిషన్‌కు వెళ్లింది.

2024 జనవరిలో తలుపు మళ్లీ తెరుచుకుంది. కిషన్ విశ్రాంతి తీసుకున్నాడు, ఇంగ్లండ్‌తో స్వదేశీ సిరీస్‌లో కె.ఎల్. రాహుల్ కీపింగ్ చేయబోడని నిర్ణయం జరిగింది. సరిగ్గా అప్పుడే అహ్మదాబాద్‌లో ఇంగ్లండ్ లయన్స్‌పై భారత్–ఎ తరఫున భరత్ అజేయంగా 116 చేసి, 490 పరుగుల లక్ష్యం ఎదుట జట్టును డ్రాతో గట్టెక్కించాడు. ఆ సెంచరీ తర్వాత విల్లు ఎక్కుపెట్టిన భంగిమలో బ్యాట్ పట్టి రాముడికి అంకితమిచ్చాడు. అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ జరగబోతున్న రోజులవి.

హైదరాబాద్ టెస్టులో మొదట 41 చేశాడు. రెండో ఇన్నింగ్స్‌లో లక్ష్యం 231. టామ్ హార్ట్‌లీ స్పిన్‌కు భారత్ 119 పరుగులకే ఏడు వికెట్లు పోగొట్టుకున్న దశలో భరత్, అశ్విన్ కలిసి 57 పరుగులు జోడించారు. ఉప్పల్ స్టేడియంలో ఆశ మళ్లీ చిగురించింది. 28 పరుగుల వద్ద భరత్ వికెట్లను హార్ట్‌లీ పడగొట్టాక భారత్ 28 పరుగుల తేడాతోనే ఓడింది. నా దృష్టిలో అతని అత్యుత్తమ టెస్టు బ్యాటింగ్ అహ్మదాబాద్‌లోని 44 కాదు, ఉప్పల్‌లో ఓటమి వైపు నడిచిన ఈ ఇన్నింగ్సే.

సొంత ఊళ్లో

రెండో టెస్టు 2024 ఫిబ్రవరి 2న విశాఖలో మొదలైంది. వేదిక మధురవాడ దగ్గర పోతినమల్లయ్యపాలెంలోని ఏసీఏ–వీడీసీఏ స్టేడియం. పందొమ్మిదేళ్ల కిందట ధోనీ కొట్టిన బంతులను ఏరి ఇచ్చిన మైదానంలోనే ఇప్పుడు భరత్ గ్లవ్స్ తొడుక్కుని నిలబడ్డాడు. యశస్వి జైస్వాల్ 209 పరుగులు, మొదటి ఇన్నింగ్స్‌లో బుమ్రా 45 పరుగులకు 6 వికెట్లు, భారత్ 106 పరుగుల తేడాతో గెలుపు: అందరికీ గుర్తున్నవి ఇవి. భరత్ 17, 6 చేశాడు. రెండుసార్లూ కుర్ర లెగ్‌స్పిన్నర్ రెహాన్ అహ్మద్‌కే దొరికాడు.

రాజ్‌కోట్‌లో ధ్రువ్ జురెల్‌కు అవకాశమిచ్చారు. అతను 46తో మొదలుపెట్టి, రాంచీలో 90, అజేయంగా 39 చేసి మ్యాచ్ గెలిపించాడు. పోలిక అక్కడితో తేలిపోయింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో పంత్ టెస్టుల్లోకి తిరిగొచ్చాడు.

ఐపీఎల్

ఇక్కడా అదే నడక. 2015లో ఢిల్లీ తీసుకుంది గానీ ఆడించలేదు. బెంగళూరు తరఫున 2021లో 8 మ్యాచ్‌లు ఆడి 191 పరుగులు చేశాడు. అక్టోబర్ 8న దుబాయ్‌లో ఢిల్లీపై చివరి బంతికి అయిదు పరుగులు కావాల్సి ఉండగా, అవేశ్ ఖాన్ బౌలింగ్‌లో సిక్సర్ కొట్టి 52 బంతుల్లో 78తో అజేయంగా నిలిచాడు. మరుసటి ఏడాది ఢిల్లీ 2 కోట్లకు కొనుక్కుని రెండే మ్యాచ్‌లు ఆడించింది. 2023లో గుజరాత్ తీసుకుంది గానీ తుది జట్టులో సాహా ఉన్నాడు. 2024లో టైటిల్ గెలిచిన కోల్‌కతా బృందంలో భరత్ ఉన్నా మ్యాచ్ దక్కలేదు.

అంచనా

టెస్టుల్లో 12 ఇన్నింగ్స్‌లో 221 పరుగులు, సగటు 20.09, 18 క్యాచ్‌లు, ఒక స్టంపింగ్. ధోనీ, పంత్‌ల తర్వాత భారత కీపర్ నుంచి ఆశించే పరుగులు ఇవి కావు, ఆ మాటలో అన్యాయం లేదు. కానీ కీపింగ్ మాటకొస్తే, స్పిన్ తిరిగే పిచ్‌లపై, వికెట్లకు దగ్గరగా నిలబడి, అతని తరంలో అంత నమ్మకంగా పనిచేసిన వాళ్లు సాహాను మినహాయిస్తే అరుదు. అతను బంతి లేచేదాకా లేవడు, మోకాళ్ల దగ్గర బంతినీ తొందరపడకుండా అందుకుంటాడు. బైస్ తక్కువగా ఇవ్వడం, బౌలర్ ధైర్యంగా బంతిని గాల్లో తేలవేయగలగడం వంటివి పరుగుల పట్టికలో కనిపించవు. ఒకే స్థానం ఉన్న చోట సెలక్టర్లు పరుగులవైపే మొగ్గుతారు. భారత జట్టు నుంచి తప్పించాక కూడా భరత్ ఆంధ్ర జట్టుకు ఆడుతూనే ఉన్నాడు.